బ్రిటిష్ ప్రభుత్వంలో జవాబుదారీతనం: బలహీనత ఎక్కడుంది?

ప్రభుత్వం పార్లమెంటుకు జవాబు చెప్పుకోవాలన్నది బ్రిటిష్ రాజ్యవ్యవస్థకు మూలసూత్రం. ఆ దేశానికి ఒకే గ్రంథంగా కూర్చిన రాజ్యాంగం లేదు గనుక ఈ సూత్రం కూడా ఎక్కువ భాగం ఆనవాయితీగానే నిలిచింది. ఇందులో రెండు అంశాలున్నాయి. మంత్రివర్గం మొత్తం కామన్స్ సభ విశ్వాసం ఉన్నంతకాలమే అధికారంలో కొనసాగాలి. ఒక్కో మంత్రి తన శాఖలో జరిగిన మంచిచెడులకు సభ ముందు నిలబడి సమాధానం చెప్పాలి. మొదటిది చివరిసారి అమలైంది 1979 మార్చి 28న. ఆ రాత్రి జేమ్స్ కల్లహాన్ ప్రభుత్వం 311–310తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ తర్వాత అవిశ్వాస ఓటింగులో ఓడిన బ్రిటిష్ ప్రభుత్వం లేదు.

పరిశీలనకు అక్కడ వేదికలు తక్కువేమీ కావు. ప్రశ్నోత్తరాల సమయం, సెలెక్ట్ కమిటీలు, జాతీయ ఆడిట్ కార్యాలయం, బహిరంగ విచారణలు, సమాచార స్వేచ్ఛ చట్టం, న్యాయస్థానాలు అన్నీ ఉన్నాయి. అయినా గత నలభై యాభై ఏళ్ల పాలనా వైఫల్యాలను వరసగా పరిశీలిస్తే ఒకే తీరు కనిపిస్తుంది. తప్పు జరిగిన సంగతి బయటపడుతుంది, కానీ ఆలస్యంగా. బాధ్యులెవరో తేలేసరికి వాళ్లు ఆ కుర్చీలో ఉండరు. ఎప్పుడు చర్చించాలి, ఏ కాగితం చూపాలి, ఏ విచారణ వేయాలి అన్న నిర్ణయాలు చాలావరకు జవాబు చెప్పాల్సిన ప్రభుత్వం చేతుల్లోనే ఉండడం ఇందుకు ప్రధాన కారణం.

ఈ పరిస్థితికి పునాది ఎన్నికల పద్ధతిలోనే ఉంది. నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే విధానం వల్ల దేశవ్యాప్తంగా మూడో వంతు ఓట్లతోనే భారీ మెజారిటీ దక్కవచ్చు. 2024లో లేబర్ పార్టీ 33.7 శాతం ఓట్లతో 650 స్థానాలకు 411 గెలిచింది. కార్యనిర్వాహక, శాసన అధికారాలు దాదాపు కలిసిపోవడమే ఈ వ్యవస్థ సామర్థ్యానికి రహస్యమని రాజ్యాంగ వ్యాఖ్యాత వాల్టర్ బాజట్ 1867లో మెచ్చుకున్నాడు. ఆ కలయికే నూరేళ్లు దాటాక విమర్శకు గురైంది. 1976లో కన్సర్వేటివ్ మాజీ మంత్రి లార్డ్ హెయిల్‌షమ్ బీబీసీ ప్రసంగంలో దీన్ని ఎన్నికైన నియంతృత్వం అన్నారు. మూడేళ్లకే ఆయన తిరిగి మంత్రివర్గంలో చేరి లార్డ్ చాన్సలర్ అయ్యారు. ఆయన ఎత్తిచూపిన లోపాలను ఆ ప్రభుత్వమూ సరిదిద్దలేదు.

మెజారిటీని కట్టుబాటులో ఉంచేది, ఎంపీలు పార్టీ చెప్పినట్టు ఓటేసేలా చూసే విప్ వ్యవస్థ. 1975 నాటి చట్టం ప్రకారం కామన్స్ సభలో ఒకేసారి 95 మందికి మించి మంత్రులు ఉండకూడదు. జీతం లేకుండా మంత్రులకు సహాయకులుగా ఉండే పార్లమెంటరీ ప్రైవేట్ సెక్రటరీలకు ఈ పరిమితి వర్తించదు. అయినా ప్రభుత్వానికి ఎదురు ఓటేస్తే వాళ్ల పదవీ పోతుంది. వీరందరినీ కలిపితే అధికార పక్షంలో గణనీయమైన భాగం ముందే ప్రభుత్వ పక్షాన కట్టుబడి ఉన్నట్టే. మిగిలినవారికి కూడా విప్ ఉపసంహరణ, అంటే పార్లమెంటరీ పార్టీ నుంచి వెలివేత అనే శిక్ష పొంచి ఉంటుంది. 2019 సెప్టెంబరులో బ్రెక్సిట్ విషయంలో ఎదురు ఓటేసిన 21 మంది కన్సర్వేటివ్ ఎంపీల నుంచి ప్రధాని బోరిస్ జాన్సన్ ఒకే రోజు విప్ వెనక్కి తీసుకున్నారు. వాళ్లలో ఇద్దరు మాజీ ఆర్థిక మంత్రులున్నారు.

సభ సమయం కూడా ప్రభుత్వానిదే. స్టాండింగ్ ఆర్డర్ 14 ప్రకారం దాదాపు ప్రతి సమావేశంలో ప్రభుత్వ కార్యక్రమానికే ప్రాధాన్యం. ప్రతిపక్షాలకు ఒక సమావేశ కాలంలో 20 రోజులు కేటాయిస్తారు, ఆ తేదీలను నిర్ణయించేది ప్రభుత్వమే. ఎంపీల ఖర్చుల కుంభకోణం బద్దలైన 2009లో టోనీ రైట్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సభా కార్యక్రమాన్ని సభే నిర్ణయించుకునేలా ఒక కమిటీ ఉండాలని సిఫారసు చేసింది. సాధారణ సభ్యుల చర్చల కోసం 2010లో ఒక కమిటీ వచ్చింది. ప్రభుత్వ బిల్లుల కార్యక్రమాన్ని కూడా చూసే కమిటీ మాత్రం, అదే ఏడాది వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం మాట ఇచ్చినా, ఏర్పడనే లేదు.

మంత్రి వ్యక్తిగత బాధ్యత అనగానే పాఠ్యపుస్తకాలు క్రిచెల్ డౌన్ ఉదంతం చెబుతాయి. బాంబింగ్ శిక్షణ కోసం వైమానిక శాఖ డోర్సెట్‌లో సేకరించిన 725 ఎకరాల భూమిని రెండో ప్రపంచ యుద్ధానంతరం పాత యజమాని వారసులకు తిరిగి అమ్మకుండా వ్యవసాయ శాఖ అధికారులు మొండికేశారు. విచారణలో అధికారుల తప్పు తేలింది. 1954 జులైలో వ్యవసాయ మంత్రి సర్ థామస్ డగ్డేల్ రాజీనామా చేశారు. కిందివాళ్ల తప్పును పైవాడు భుజాన వేసుకున్న ఆదర్శంగా అది చరిత్రకెక్కింది. సొంత పార్టీ ఎంపీల ఆగ్రహమే ఆ రాజీనామాకు అసలు కారణమని తర్వాతి పరిశోధకులు వాదించారు. ఏదైనా ఆ ఆదర్శం స్వతంత్ర భారత నాయకులకూ తెలుసు. 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదం తర్వాత రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. కొద్ది నెలలకే అరియలూరు ప్రమాదం జరిగింది. ఈసారి రాజీనామాను ఆమోదించారు.

బ్రిటన్‌లో ఆ ఆదర్శం 1982 ఏప్రిల్‌లో మళ్లీ కనిపించింది. ఫాక్‌లాండ్ దీవులను అర్జెంటీనా ఆక్రమించడంతో విదేశాంగ మంత్రి లార్డ్ కారింగ్టన్ తప్పుకున్నారు. మరుసటి ఏడాదే ఉత్తర ఐర్లండ్‌లోని మేజ్ జైలు నుంచి 38 మంది ఖైదీలు తప్పించుకుపోతే మంత్రి జేమ్స్ ప్రయర్ రాజీనామా చేయలేదు. తప్పు విధానానిదైతేనే మంత్రిది, నిర్వహణలోదైతే కాదన్నది ఆయన వాదన. ఈ గీతే తర్వాత ప్రభుత్వాలకు ఆశ్రయమైంది. 1995లో జైళ్ల భద్రతా లోపాలపై విచారణ నివేదిక వచ్చాక హోం మంత్రి మైకేల్ హవర్డ్ పదవిలోనే ఉన్నారు, జైళ్ల విభాగాధిపతి డెరెక్ లూయిస్‌ను తొలగించారు. 2020లో కరోనా కాలపు పరీక్షల మార్కుల గందరగోళంలోనూ అదే జరిగింది. పరీక్షల నియంత్రణ సంస్థ అధిపతి, విద్యాశాఖ శాశ్వత కార్యదర్శి వెళ్లిపోయారు. విద్యామంత్రి గావిన్ విలియమ్సన్ మరో ఏడాది కొనసాగారు.

2018లో విండ్‌రష్ వ్యవహారం దీనికి ఇంకో కోణం చూపింది. కరీబియన్ దీవుల నుంచి దశాబ్దాల కిందట చట్టబద్ధంగా వచ్చి స్థిరపడినవారిని పత్రాలు లేవన్న సాకుతో ఉద్యోగాల నుంచి, వైద్యం నుంచి, కొందరిని దేశం నుంచే వెళ్లగొట్టారు. హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేసింది ఈ అన్యాయానికి కాదు. వెళ్లగొట్టాల్సినవారి సంఖ్యకు లక్ష్యాలున్నాయా అన్న విషయంలో కమిటీకి తెలియక తప్పు సమాచారం ఇచ్చానని ఆమె వైదొలిగారు. ఏడు నెలలు తిరక్కుండానే మరో శాఖతో మంత్రివర్గంలోకి తిరిగి వచ్చారు. ప్రజలకు జరిగిన హానికి బాధ్యత వహించే సంప్రదాయం క్రమంగా సభకు నిజం చెప్పే బాధ్యత స్థాయికి కుంచించుకుపోయిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

విధానం, నిర్వహణ అన్న విభజన ఎంత హాని చేయగలదో పోస్టాఫీసు ఉదంతం వివరంగా చెబుతుంది. పోస్ట్ ఆఫీస్ సంస్థ పూర్తిగా ప్రభుత్వ యాజమాన్యంలోనిది, కానీ రోజువారీ నిర్వహణ దాని బోర్డుది. 1999 నుంచి ఫుజిత్సు అనుబంధ సంస్థ రూపొందించిన హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థను శాఖలన్నిటిలో పెట్టారు. లేని లోటు చూపించే దోషాలు అందులో ఉన్నాయి. ఆ లోటును శాఖలు నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్లు కట్టాలన్నారు, కట్టలేనివారిపై దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. 2015 వరకు 900 మందికి పైగా దోషులుగా తేలారు. వాటిలో అత్యధికం పోస్ట్ ఆఫీస్ స్వయంగా నడిపిన కేసులే. ఊళ్లో పరువు పోయినవారు, ఇల్లు అమ్ముకున్నవారు, జైలుకెళ్లినవారు వందల్లో ఉన్నారు. బ్రిటన్‌లో పోస్టాఫీసు కలిసిన చిన్న దుకాణాలు నడిపే దక్షిణాసియా కుటుంబాలు చాలా ఉండడంతో బాధితుల్లో భారత సంతతివారు గణనీయంగా ఉన్నారు. కంప్యూటరు సరిగ్గానే పనిచేస్తుందని కోర్టు భావించాలన్న సూత్రం వాళ్ల నెత్తిన మరో బరువైంది. కంప్యూటర్ సాక్ష్యానికి రుజువు అడిగే పాత నిబంధనను పార్లమెంటే 1999లో ఎత్తేసింది.

ఈ కాలమంతా పార్లమెంటు నిద్రపోలేదు. 2009లోనే కంప్యూటర్ వీక్లీ పత్రిక బాధితుల కథనాలు ప్రచురించింది. ఎంపీ జేమ్స్ ఆర్బుత్నాట్ తోటి ఎంపీలను కూడగట్టారు. 2015 ఫిబ్రవరిలో సెలెక్ట్ కమిటీ సంస్థ అధికారులను పిలిచి ప్రశ్నించింది, మే నెల ఎన్నికల కోసం ఆ సభే రద్దయింది. మంత్రులు మారారు, సమాధానం మారలేదు. ఇది సంస్థ నిర్వహణకు సంబంధించిన విషయం, ప్రభుత్వం జోక్యం చేసుకోదు అన్నారు. సంస్థ ఇచ్చిన సమాచారాన్నే మంత్రులు సభకు అందించారు. సమాచారం నిజమో కాదో తేల్చుకునే స్వతంత్ర మార్గం మంత్రికీ లేదు, సభకూ లేదు. చివరికి మాజీ సబ్‌పోస్ట్‌మాస్టర్ అలన్ బేట్స్ నాయకత్వంలో 555 మంది హైకోర్టుకు వెళ్లాక, 2019 డిసెంబరులో నిజం న్యాయస్థానంలో తేలింది. రాజీ కింద వచ్చిన 5.775 కోట్ల పౌండ్లలో అధిక భాగం కేసు ఖర్చులకే పోయింది. 2024 జనవరిలో ఐటీవీ ప్రసారం చేసిన నాటకీకరణ చూసి దేశం కదిలాక, కొద్ది నెలల్లోనే శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం వచ్చింది. పాతికేళ్లు కమిటీలు, లేఖలు, ప్రశ్నలు సాధించలేనిది నాలుగు రాత్రుల టీవీ ప్రసారం సాధించింది. పరిశీలనా వ్యవస్థపై ఇంతకు మించిన అభియోగపత్రం ఉండదు.

ఇక చట్టాలు చేసే పనిలో పరిశీలన సంగతి. పార్లమెంటు చట్టం ఆమోదించి, వివరాలను మంత్రులు నిబంధనలుగా రాసుకునే అధికారం ఇవ్వడం చాలా దేశాల్లో ఉన్నదే. బ్రిటన్‌లో వీటిని స్టాట్యూటరీ ఇన్‌స్ట్రుమెంట్లు అంటారు. వీటిని సభలు సవరించలేవు. మొత్తంగా ఒప్పుకోవాలి లేదా తోసిపుచ్చాలి. ఎక్కువ భాగం ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే చర్చ లేకుండానే చట్టమై కూర్చుంటాయి. కామన్స్ సభ ఇలాంటి నిబంధనను చివరిసారి తిరస్కరించింది 1979లో, పారఫిన్ ధరల విషయంలో. ఈ అధికారంతో పార్లమెంటు చేసిన చట్టాన్నే మంత్రి మార్చగలిగితే దాన్ని ఎనిమిదో హెన్రీ అధికారం అంటారు. ఆ రాజు 1539లో తన ప్రకటనలకు చట్టంతో సమాన బలం తెచ్చుకున్నాడు. 1929లో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ హ్యూవర్ట్ ఈ ధోరణిని కొత్త నిరంకుశత్వం అంటూ ఏకంగా పుస్తకమే రాశారు. ఆ హెచ్చరిక తర్వాత ఈ అధికారం తగ్గలేదు, పెరిగింది.

కరోనా కాలంలో అది పరాకాష్ఠకు చేరింది. ఇళ్లలోంచి బయటికి రావొద్దన్న ఆంక్షలు వచ్చింది ప్రధానంగా 1984 నాటి ప్రజారోగ్య చట్టం కింద మంత్రి సంతకంతో. అత్యవసర నిబంధన వాడి ముందు అమలు చేసి తర్వాత సభ ఆమోదం కోరేవారు. అమలుకు కొన్ని గంటల ముందే ప్రజలకు తెలిసిన నిబంధనలున్నాయి. సభ చర్చకు వచ్చేసరికి ఆ నిబంధన మారిపోయి మరొకటి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2020 సెప్టెంబరు 30న స్పీకర్ లిండ్సే హోయిల్ నిండు సభలో ప్రభుత్వ తీరును తప్పుపట్టారు. అంటువ్యాధి వేళ వేగం అవసరమన్నది నిజమే. ఆ అలవాటు వ్యాధి తగ్గాక కూడా పోకపోవడమే సమస్య. 2021 నవంబరులో లార్డ్స్ సభకు చెందిన రెండు కమిటీలు ఒకే రోజు నివేదికలిచ్చి, చట్టం ఖాళీ చట్రంగా వచ్చి అసలు విషయమంతా మంత్రుల నిబంధనల్లోకి పోతోందని హెచ్చరించాయి.

2023లో జరిగింది ఇంకా గమనించదగ్గది. నిరసన ప్రదర్శనలను పోలీసులు అడ్డుకోవడానికి కావలసిన తీవ్రమైన ఆటంకం అనే ప్రమాణాన్ని తగ్గించే ప్రతిపాదనను లార్డ్స్ సభ బిల్లు దశలోనే ఓడించింది. కొద్ది నెలలకే హోం మంత్రి సుయెలా బ్రేవర్మన్ అదే మార్పును నిబంధన రూపంలో తెచ్చారు. లిబర్టీ అనే పౌరహక్కుల సంస్థ కోర్టుకెళ్లింది. 2024 మేలో హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది, మరుసటి ఏడాది అప్పీలు కోర్టూ ఆ తీర్పును నిలబెట్టింది. పార్లమెంటు కాదన్నదాన్ని పక్కదారిన తెస్తే ఆపింది సభ కాదు, న్యాయస్థానం.

ఖర్చుల విషయంలో పరిశీలన రెండు ముక్కలుగా ఉంది. ఖర్చు పెట్టకముందు చేసే పరిశీలన దాదాపు శూన్యం. ప్రభుత్వ వార్షిక వ్యయం లక్ష కోట్ల పౌండ్లు దాటింది, శాఖల పద్దులను కామన్స్ సభ లాంఛనంగా ఆమోదిస్తుంది. ఒక పద్దును సభ చివరిసారి తిరస్కరించింది 1919లో. లార్డ్ చాన్సలర్‌కు రెండో స్నానాల గది కోసం అడిగిన డబ్బు అది. ఖర్చయిన తర్వాత చేసే పరిశీలన మాత్రం బలంగా ఉంటుంది. గ్లాడ్‌స్టన్ 1861లో నెలకొల్పిన ప్రజా పద్దుల కమిటీకి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు. 1983 చట్టంతో ఆడిట్ కార్యాలయం ప్రభుత్వ పరిధి నుంచి బయటికొచ్చి పార్లమెంటు పక్షాన నిలిచింది. కరోనా రక్షణ సామగ్రి కొనుగోళ్లలో మంత్రులు, ఎంపీల సిఫారసుతో వచ్చిన సంస్థలకు ప్రత్యేక దారి పెట్టారని, ఆ దారిన వచ్చినవారికి కాంట్రాక్టు దక్కే అవకాశం పది రెట్లని 2020 నవంబరులోనే ఆడిట్ కార్యాలయం తేల్చింది. మొదటి ఏడాది కొన్న దాదాపు 1,200 కోట్ల పౌండ్ల సామగ్రిలో 870 కోట్ల విలువను ఆరోగ్య శాఖ తన పద్దుల్లో కొట్టేసుకుంది. ఆ ప్రత్యేక దారి చట్టవిరుద్ధమని 2022 జనవరిలో హైకోర్టు చెప్పింది. లెక్క తేలింది, తీర్పు వచ్చింది. డబ్బు మాత్రం అప్పటికే పోయింది.

స్థానిక సంస్థల్లో వెనకటి పరిశీలన కూడా కూలింది. వాటి లెక్కలు చూసే ఆడిట్ కమిషన్‌ను డేవిడ్ కామెరాన్ ప్రభుత్వం ఖర్చు తగ్గింపు పేరుతో రద్దు చేసి, పనిని ప్రైవేటు సంస్థలకు వదిలింది. 2022–23 సంవత్సరానికి ఇంగ్లండ్‌లోని 467 స్థానిక సంస్థల్లో గడువులోగా ఆడిట్ పూర్తయినవి 5 మాత్రమే. 2023 సెప్టెంబరులో దేశంలో అతిపెద్ద స్థానిక సంస్థల్లో ఒకటైన బర్మింగ్‌హామ్ నగర మండలి దివాలా స్థితిని ప్రకటించింది.

శాఖలవారీ సెలెక్ట్ కమిటీలు 1979లో వచ్చాయి. 2010 నుంచి వాటి అధ్యక్షులను ఎంపీలు రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. దీంతో విప్‌ల పట్టు సడలి కమిటీల స్వరం పెరిగింది. మాట పెరిగినంతగా అధికారం పెరగలేదు. అధికారులు కమిటీకి ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో నిర్ణయించే ఆస్మదర్లీ నియమాలు ప్రభుత్వం రాసుకున్నవి, పార్లమెంటు వాటిని ఎన్నడూ ఆమోదించలేదు. కమిటీ పిలుపును ధిక్కరిస్తే శిక్షేమిటో కూడా స్పష్టత లేదు. 2018లో, బ్రెక్సిట్ ప్రచారం నడిపిన డామినిక్ కమ్మింగ్స్ ఒక కమిటీ ముందుకు రానన్నారు. 2019 ఏప్రిల్‌లో కామన్స్ సభ ఆయన్ను ధిక్కార దోషిగా ప్రకటించి మందలించింది. అదే ఏడాది జులైలో ఆయన ప్రధాని జాన్సన్‌కు ముఖ్య సలహాదారు అయ్యారు. సభ మందలింపుకు ఉన్న విలువ ఎంతో ఆ నియామకంతో తేలిపోయింది.

పెద్ద వైఫల్యం బయటపడినప్పుడు ప్రభుత్వాలు ఎంచుకునే మార్గం బహిరంగ విచారణ. 2005 నాటి చట్టం ప్రకారం విచారణ వేయాలో వద్దో, ఎవరు చేయాలో, పరిధి ఏమిటో తేల్చేది మంత్రి. ఇరాక్ యుద్ధంపై చిల్‌కాట్ విచారణ 2009లో మొదలై 2016 జులైలో, 26 లక్షల పదాల నివేదికతో ముగిసింది. బ్రిటన్‌ను ఆ యుద్ధంలోకి దించిన ప్రధాని పదవి వదిలి అప్పటికి తొమ్మిదేళ్లు. కలుషిత రక్తం ద్వారా 1970, 80 దశకాల్లో 30 వేలకు పైగా ప్రజలకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ సోకాయి. దాదాపు 3,000 మంది చనిపోయారు. బాధితులు దశాబ్దాలు అడిగితే విచారణ 2017లో ప్రకటించారు, 2024 మే 20న నివేదిక వచ్చింది. నిజాన్ని కప్పిపుచ్చారని, పత్రాలను ధ్వంసం చేశారని విచారణాధిపతి సర్ బ్రయన్ లాంగ్‌స్టఫ్ అందులో నిర్ధారించారు.

నివేదిక వచ్చాక ఏమవుతుందన్నది మరింత బాధాకరం. 2009లో లండన్‌లోని లకనల్ హౌస్ బహుళ అంతస్తుల భవనంలో మంటలు ఆరుగురిని బలిగొన్నాయి. అగ్ని భద్రతా నిబంధనల మార్గదర్శకాలను సమీక్షించాలని 2013లో మరణ కారణాలు విచారించే అధికారి (కరోనర్) మంత్రికి రాశారు. ఆ పని పూర్తికాకుండానే 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. విచారణల సిఫారసులు ఎన్ని అమలయ్యాయో చూసే బాధ్యత ప్రభుత్వంలో ఎవరికీ లేదని ఆడిట్ కార్యాలయం 2018లో చెప్పింది. 2024లో లార్డ్స్ సభ కమిటీ అదే లోపాన్ని మళ్లీ ఎత్తిచూపింది.

అంతకుముందే 1996లో స్కాట్ విచారణ మరో పాఠం నేర్పింది. ఇరాక్‌కు ఆయుధ సంబంధ పరికరాల ఎగుమతి విధానం మారిన సంగతిని మంత్రులు పార్లమెంటుకు చెప్పలేదని న్యాయమూర్తి సర్ రిచర్డ్ స్కాట్ సంపుటాల కొద్దీ రాశారు. దాన్ని చదువుకోవడానికి ప్రభుత్వానికి రోజుల వ్యవధి దొరికింది, ప్రతిపక్షానికి దొరికింది కొన్ని గంటలు. చర్చ ముగిశాక ప్రభుత్వం 320–319తో గట్టెక్కింది. ఏ మంత్రీ రాజీనామా చేయలేదు.

మంత్రుల ప్రవర్తనా నియమావళికి న్యాయనిర్ణేత ప్రధానమంత్రే. 2020 నవంబరులో హోం మంత్రి ప్రీతి పటేల్ సిబ్బందితో వ్యవహరించిన తీరు నియమావళికి విరుద్ధమని స్వతంత్ర సలహాదారు సర్ అలెక్స్ అలన్ తేల్చితే, జాన్సన్ ఒప్పుకోలేదు. రాజీనామా చేసింది సలహాదారు. ఆయన స్థానంలో వచ్చిన లార్డ్ గైట్ కూడా 2022 జూన్‌లో వైదొలిగారు. ప్రధాని అనుమతి లేకుండా దర్యాప్తు మొదలుపెట్టే అధికారం ఆ పదవికి 2024 నవంబరులో వచ్చింది. శిక్ష మాత్రం ఇప్పటికీ ప్రధాని ఇష్టమే. లాక్‌డౌన్ కాలపు విందుల విషయంలో జాన్సన్ సభను ఉద్దేశపూర్వకంగా తప్పుదోవ పట్టించారని 2023 జూన్‌లో ప్రివిలేజెస్ కమిటీ తేల్చింది, సభ 354–7తో ఆమోదించింది. కమిటీలో మెజారిటీ ఆయన సొంత పార్టీవారే. ఇది పార్లమెంటరీ పరిశీలన గట్టిగా నిలబడిన అరుదైన ఘట్టం. అప్పటికి ఆయన ప్రధాని పదవే కాక ఎంపీ పదవినీ వదిలేశారు.

సమాచారం లేకుండా పరిశీలన సాగదు. 2005 జనవరి నుంచి అమల్లో ఉన్న సమాచార స్వేచ్ఛ చట్టం వల్లే ఎంపీల ఖర్చుల గుట్టు రట్టయింది. అయితే ఆ చట్టంలో మంత్రులకు నిషేధాధికారం ఉంది. ఇరాక్ యుద్ధ నిర్ణయం నాటి మంత్రివర్గ సమావేశాల మినిట్స్‌ను ఇవ్వాలని ఆదేశాలొస్తే 2009లో న్యాయ మంత్రి జాక్ స్ట్రా దాన్ని ప్రయోగించారు. గోప్యత ఎంత దూరం పోగలదో ఆఫ్ఘన్ల సమాచార లీకేజీ చూపింది. బ్రిటన్‌లో ఆశ్రయం కోరిన దాదాపు 19 వేల మంది ఆఫ్ఘన్ల వివరాలు 2022 ఫిబ్రవరిలో రక్షణ శాఖ నుంచి పొరపాటున బయటికి పోయాయి. 2023 సెప్టెంబరు నుంచి 2025 జులై 15 వరకు, ఉత్తర్వు ఉందన్న సంగతి కూడా రాయకూడదన్న కోర్టు ఉత్తర్వు అమల్లో ఉంది. వేలమందిని రహస్యంగా తరలించే పథకానికి కోట్ల పౌండ్లు ఖర్చవుతున్నా పార్లమెంటుకు తెలియదు, గూఢచారి సంస్థలను పర్యవేక్షించే కమిటీకీ చెప్పలేదు. ప్రమాదంలో ఉన్నవారి ప్రాణాలు కాపాడాలన్న ఉద్దేశం న్యాయమైనదే. రెండు ప్రభుత్వాలు, ఒక సార్వత్రిక ఎన్నిక గడిచినా ఓటర్లకు తెలియనివ్వకపోవడాన్ని ఆ ఉద్దేశం సమర్థించలేదు.

ఈ ప్రశ్నపై సాహిత్యం విస్తారంగా ఉంది. ఆంథనీ కింగ్, ఐవర్ క్రూ 2013లో రాసిన ప్రభుత్వాల ఘోర తప్పిదాల చరిత్రలో పోల్ టాక్స్ నుంచి గుర్తింపు కార్డుల దాకా పరిశీలించి, తప్పు చేసిన మంత్రులకు దాదాపు ఎన్నడూ నష్టం కలగలేదని, తరచూ శాఖలు మారడం అందుకు ఒక కారణమని చూపారు. గృహనిర్మాణ శాఖే ఉదాహరణ. 2010 నుంచి 2024 లోపు ఆ బాధ్యత పదిహేను సార్లకు పైగా చేతులు మారింది. ఇయాన్ డంట్ 2023లో, శామ్ ఫ్రీడ్‌మన్ 2024లో రాసిన పుస్తకాలు ఇదే జబ్బును ఇటీవలి ఉదాహరణలతో వివరించాయి. భిన్న స్వరమూ ఉంది. మెగ్ రసెల్, డేనియల్ గోవర్ 2017లో ప్రచురించిన పరిశోధనలో పార్లమెంటు ప్రభావం ఓట్ల లెక్కలో కనిపించేదానికన్నా ఎక్కువని, సభ ఒప్పుకోదన్న భయంతోనే మంత్రులు చాలా ప్రతిపాదనలు ముందే మార్చుకుంటారని నిరూపించారు. సిరియాపై సైనిక చర్యను 2013లో సభ 285–272తో అడ్డుకుంది. 2019 జనవరిలో ప్రధాని థెరిసా మే బ్రెక్సిట్ ఒప్పందాన్ని 230 ఓట్ల తేడాతో ఓడించింది. ఈ వాదనలో నిజం ఉంది. కానీ ఆ ఘట్టాలన్నీ రాబోయే విధానంపై జరిగిన పోరాటాలు. అమలైన విధానం మనుషుల జీవితాలను ఎలా నలిపేస్తోందో సకాలంలో పట్టుకోవడంలో సభ బలం అంతగా కనిపించదు.

న్యాయస్థానాలు కొంత లోటు భర్తీ చేశాయి. 2019లో జాన్సన్ పార్లమెంటును అయిదు వారాలు ప్రొరోగ్ చేయించడం చెల్లదని సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో చెబుతూ, ప్రభుత్వం పార్లమెంటుకు జవాబుదారీ కావడాన్ని రాజ్యాంగ సూత్రంగా గుర్తించింది. అయితే కోర్టు చట్టబద్ధతనే చూస్తుంది. చేతకానితనానికి, నిర్లక్ష్యానికి శిక్ష వేయడం దాని పని కాదు.

నిలిచిన సంస్కరణలను చూస్తే దారి కనిపిస్తుంది. ప్రజా పద్దుల కమిటీ, 1983 ఆడిట్ చట్టం, 2010 నాటి అధ్యక్షుల ఎన్నిక పనిచేయడానికి కారణం ఒక్కటే. అవి చొరవను ప్రభుత్వం చేతిలోంచి తీసి వేరేవారికి ఇచ్చాయి. ప్రభుత్వ మంచితనం మీద ఆధారపడిన నియమావళులు, ఆనవాయితీలు ఒత్తిడి వచ్చినప్పుడల్లా వంగిపోయాయి.

ఇలాంటి మార్పు ఎంత ఆలస్యంగా వస్తుందో చివరిగా ఒక ఉదంతం చెబుతుంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలితీసుకుంది. పోలీసులు తప్పును అభిమానుల మీదికి నెట్టారు. 164 వాంగ్మూలాలను మార్చారని 2012లో స్వతంత్ర బృందం బయటపెట్టింది. ఆ మార్పులపై పెట్టిన కేసు 2021లో వీగిపోయింది. వాంగ్మూలాలు కోర్టు కోసం కాక విచారణ సంఘం కోసం ఇచ్చినవి కాబట్టి నేరం కాదని న్యాయమూర్తి అన్నారు. ప్రభుత్వోద్యోగులు విచారణల ముందు నిజం చెప్పి తీరాలని, చెప్పకపోతే నేరమని అనే బిల్లు కోసం బాధిత కుటుంబాలు ఏళ్ల తరబడి పోరాడాయి. ఆ బిల్లును ప్రభుత్వం కామన్స్ సభలో 2025 సెప్టెంబరులో ప్రవేశపెట్టింది. అప్పటికి ఆ దుర్ఘటన జరిగి 36 ఏళ్లు.